పది టైర్ల లారీ: ముందు డిస్కులా, టైర్లా?

హయత్‌నగర్_బండి:
వాడపల్లి సిమెంటు లోడు, నార్కట్‌పల్లి మీదుగ హైదరాబాద్‌కు తిరిగే పది టైర్ల బండి. 10.00-20 నైలాన్ టైర్లు, రింగు డిస్కులు (టైరు ఎక్కే ఇనుప చక్రాలు). ముందరి జత అరిగింది, వెనకయి సగం ఉన్నయి. చేతుల ఉన్న పైసలకు ఒక్కటే అయితది. ట్యూబ్‌లెస్ అల్లాయ్ డిస్కులు తెచ్చి ఇప్పటికి పాత టైర్లే నడపాలా, లేకుంటే ఉన్న డిస్కుల మీదనే రేడియల్ (ఉక్కు తీగల) టైర్లు ఎయ్యాలా?

గేజ్_పట్టినోడు:
మొదటిది కుదరదన్నా. మీ టైరు 20 అంగుళాల రిమ్ముది, ట్యూబ్‌లెస్ డిస్కు 22.5. పాత టైరు దాని మీద కూర్చోదు. ట్యూబ్‌లెస్‌కి పోతే డిస్కు, టైరు రెండూ ఒకేసారి మారాల్సిందే. కాబట్టి ఇప్పటికి టైర్లే.

అయితే రేడియల్ ఎక్కించే ముందు డిస్కుల్ని విప్పి చూడండి. రిమ్ము మీద వెడల్పు 7.5 అని ఉండాలి. బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్ళు, టైరుని పట్టి ఉంచే లాక్ రింగు కూర్చునే గాడిలో పొరలుగా లేచిన తుప్పు కనిపిస్తే ఆ డిస్కు పాత ఇనుప సామానే. ఒక రిమ్ము రింగు ఇంకోదానికి వెయ్యొద్దు. సరిగ్గా కూర్చోని రింగు గాలి కొట్టేటప్పుడు ఎగిరొస్తే ప్రాణం పోతుంది, అందుకే ఇనుప బోనులో పెట్టే గాలి కొట్టించండి. ట్యూబు కూడా రేడియల్‌దే కావాలి. నైలాన్ టైరు ట్యూబు, పాత ఫ్లాప్ (ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే రబ్బరు పట్టీ) పెడితే మడత పడి, వేడెక్కి చిరుగుతుంది. చాలామంది మిగుల్చుకునేదీ, తర్వాత పోగొట్టుకునేదీ ఇక్కడే.

ఆర్సీ_చూడు:
ఆర్సీలో ముందు యాక్సిల్ బరువు చూశారా? అది 7 టన్నులైతే ఒక్కో టైరు మీద 3500 కిలోలు. 10.00ఆర్20 రేడియల్ పక్క గోడ మీద బరువు సూచిక 146/143 అని ఉంటే, ఆ టైరు ఒంటిగా మోసేది 3000 కిలోలు, వెనకలా పక్కపక్కన జోడులో 2725. 149/146 అయినా ఒంటిగా 3250 దగ్గరే ఆగుతుంది. ట్యూబ్‌లెస్ సైజు 295/80ఆర్22.5లో 152/148 తీసుకుంటే 3550, 3150. అంటే వెనక జోడుకి పాత సైజు సరిపోయినా, ముందు జతకి చాలకపోవచ్చు. దుకాణంలో ప్లై (పొరల రేటింగు) ఎంత అని అడిగి ఊరుకోకండి, ఈ అంకె చదవండి. కంపెనీ మీ మోడల్‌కి ఆమోదించిన సైజే వెయ్యాలి, లేకపోతే ఫిట్‌నెస్‌లో ఆపుతారు.

హయత్‌నగర్_బండి:
అట్లయితే ముందరి రెండే ట్యూబ్‌లెస్ చేసి, వెనక నైలాన్ ఉంచితే?

గేజ్_పట్టినోడు:
నడుస్తుంది. ఒకే యాక్సిల్ మీద రేడియల్, నైలాన్ కలపకూడదు, వెనక రెండు యాక్సిళ్ళనూ ఒకటిగానే లెక్కేసుకోవాలి. ముందు రేడియల్, వెనక జోళ్ళు నైలాన్ ఉండొచ్చు. చిక్కల్లా స్టెప్నీతోనే. రెండు సైజులకి రెండు మొయ్యాలి. 22.5 స్టెప్నీని వెనక జోడులో ఇరికించొద్దు. జోడులో టైర్ల ఎత్తు తేడా 6 మిల్లీమీటర్లు దాటితే పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది.

బోల్టు_బిగింపు:
అల్లాయ్ ఆశ వదిలి ఇనుప ట్యూబ్‌లెస్ డిస్కు తీసుకోండి. అల్లాయ్ తేలికే, కానీ దాని మందం ఎక్కువ. ఇనుప డిస్కు బోల్టులు పొట్టి పడతాయి, వెనక జోడుకైతే మరీ. బోల్టులు, నట్లు మార్చే ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. ఏది కొన్నా బోల్టుల లెక్క, పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం), హబ్ రంధ్రం, ఆఫ్‌సెట్ (హబ్‌కి ఆనే ముఖం రిమ్ము మధ్య గీతకి ఎంత దూరమో) పాతదాంతో కొలిచి కొనండి. వెనక జోళ్ళు కూడా మార్చే రోజు ఆఫ్‌సెట్ తప్పితే 295 వెడల్పుకి రెండు టైర్ల పక్కలూ ఒరుసుకుంటాయి.

ముందరి జత మార్చిన రోజే అలైన్‌మెంట్ చేయించండి, కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే ఇరుసు పిన్ను) లూజుంటే అది సరిచేశాకే. హబ్ ముఖం మీద తుప్పు, రంగు గీకి డిస్కు ఎక్కించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) బిగించండి. హయత్‌నగర్‌లో ఎక్కిస్తే చిట్యాల దగ్గర ఆపి ఒకసారి చూసుకోవచ్చు.