అప్‌డేట్: జూదం జోలికి పోకుండా మకావులో ఒక రోజు

హాంకాంగ్ నుంచి అమ్మానాన్నలతో కాసినోలకు పేరున్న మకావు వెళ్తున్నాం, ఎవరం జూదం ఆడం, తీరిగ్గా ఏం చూడాలి, ఏం తినాలి అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

హాంకాంగ్ విమానాశ్రయం దగ్గర్నుంచి వంతెన మీదుగా బస్సులో వెళ్లాం. 55 కిలోమీటర్ల ఆ వంతెన మధ్యలో కొంత దూరం సముద్రం కిందికి దిగి సొరంగమవుతుంది. నాన్న కిటికీ వదల్లేదు. దిగాక కాసినోల ఉచిత బస్సులు చాలా ఆదుకున్నాయి. ఆడకపోయినా ఎక్కనిస్తారు.

సెనాడో స్క్వేర్‌లో నలుపు తెలుపు రాళ్ల అలలు చూసుకుంటూ సెయింట్ పాల్ చర్చి శిథిలాల దగ్గరికి నడిచాం. 1835లో మంటలకు చర్చి పోయింది, ముందు గోడ ఒక్కటే మిగిలింది. కుడివైపు పైన ఏడు తలల పామును తొక్కుతున్న మేరీమాత శిల్పం ఉంది. అమ్మ చూసీచూడగానే "కాళీయమర్దనంలా లేదూ?" అంది. పక్కనే చీనీ అక్షరాలు చెక్కారు. శిథిలాల పక్కనే నా చా అనే చీనీ బాలదేవుడి చిన్న గుడి. నాకైతే రోజంతటికీ నచ్చింది ఈ మూలే.

తిండి సంగతి: నేనూ నాన్నా మకావులోనే కొలోన్ అనే చోట వేడివేడి ఎగ్ టార్ట్‌లు (గుడ్డు కస్టర్డ్ నింపిన చిన్న పేస్ట్రీలు) లాగించాం. పైన మాడిన మచ్చలున్నవే తీసుకోండి. గుడ్డు తినని అమ్మకు మకావులోని టైపా ప్రాంతంలో అన్నం, కూరగాయలు దొరికాయి, అంతే. శాకాహారులుంటే పులిహోర కట్టుకెళ్లండి.

సాయంత్రం వెనీషియన్ అనే పెద్ద కాసినో హోటల్ లోపలి కాలువ చూశాం. పైకప్పు మీద వేసిన ఆ నకిలీ ఆకాశం నాకు ఎక్కలేదు గానీ, అమ్మకు తెగ నచ్చేసింది.