చీనీ తోటలో సెన్సర్ల సెల్లు వారం కూడా రావడం లేదు

గార్లదిన్నె_చీనీ:
అన్నలకు నమస్తే. మాది అనంతపురం దగ్గర గార్లదిన్నె. నాలుగెకరాల చీనీ తోటలో డ్రిప్ లైన్ల వెంట నేల తేమ సెన్సర్లు పెట్టినాను. రేడియోలు సీసీ2420 అనే 2.4 గిగాహెర్ట్జ్ చిప్పువి. ఒక నోడ్ (సెన్సర్, రేడియో కలిసిన పెట్టె) నుంచి ఇంకో నోడ్‌కు అందుకుంటూ మెసేజ్ మోటారు షెడ్డుకు చేరుతుంది. ఒక్కోదానికి రెండు ఏఏ సెల్లు. అరగంటకోసారి నాలుగంకెలు పంపడమే పని, అయినా వారం తిరక్కముందే ఖాళీ. సెల్లకు పోసే డబ్బుతో ట్యాంకరు నీళ్లు తోలించుకోవచ్చు కదరా అని మా నాయన దెప్పుతున్నాడు. లీచ్ ప్రోటోకాల్ (నోడ్లు గుంపులుగా మెసేజ్‌లు పంపే పద్ధతి) పెడితే తగ్గుతుందా?

కడప_రేడియో:
తమ్ముడూ, నీ సెల్లను తింటున్నది పంపడం కాదు, వినడం. డేటాషీట్ తీసి చూడు: ఫుల్ పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు 18.8. పక్క నోడ్ ఎప్పుడు పంపుతుందో తెలియక అన్నీ రాత్రింబవళ్లు చెవులు రిక్కించుకుని కూర్చున్నాయి. సెల్లు పట్టే 2500 ఎంఏహెచ్‌ను (మిల్లీఆంపియర్-గంటలు) 19తో భాగించు. 130 గంటలు, అంటే ఐదున్నర రోజులు.

లీచ్ 2000లో ఎంఐటీ నుంచి వచ్చింది. క్లస్టర్ హెడ్ పనిని, అంటే గుంపులోని అంకెలు పోగేసి పంపే పనిని, నోడ్లన్నీ వంతులవారీగా చేస్తాయి, దూరం పంపే భారం ఒక్కదాని మీదే పడదు. బేస్ స్టేషన్ (మెసేజ్‌లన్నీ చేరే చోటు) ఎక్కడో దూరంగా ఉన్నప్పుడు పనికొస్తుంది. నాలుగెకరాలకు ఆ పెద్దరికం ఎందుకప్పా?

ఇవే రేడియోలు ఉంచుకోవాలంటే ఎక్స్-మ్యాక్ అనే పద్ధతి చూడు, 2006 నాటిది. నోడ్ నిద్రపోతూ మధ్యమధ్యలో రెప్పపాటు లేస్తుంది. పంపేవాడు చిరునామాతో చిన్నచిన్న పిలుపులు పంపుతూ ఉంటాడు, తనది కాకపోతే నోడ్ వెంటనే మళ్లీ పడుకుంటుంది. నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే సగటు 0.19 మిల్లీఆంపియర్లు. కాగితం మీద ఏడాదిన్నర. మన ఎండలకు అంత రాదులే.

నన్నడిగితే అందించుకోవడమే మానేయమంటాను. 865-867 మెగాహెర్ట్జ్‌లో లోరాకు (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. చీనీ ఆకులు గుబురుగా ఉన్నా 2.4 గిగాహెర్ట్జ్ కన్నా బాగా దూరుతుంది. ప్రతి నోడ్ నేరుగా షెడ్డుకే పంపి పడుకుంటుంది. ఎస్ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, లోరా ఎంత నెమ్మదిగా పంపాలో చెప్పే సెట్టింగు) మాత్రం 7 పెట్టు. దూరం పోతుందని 12 పెడతారు చాలామంది; ఒక్కో మెట్టుకు గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది, సెల్లు అక్కడే పోతాయి.

నంద్యాల_రోడ్డు:
రేడియోను పడుకోబెట్టి తేమ సెన్సర్‌ను మేల్కొలిపి ఉంచితే లాభం లేదు బ్రదర్. మామూలు కెపాసిటివ్ సెన్సర్ 5 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్చు) దాని కరెంటు కట్ చేసి, చదివే ముందు మాత్రమే ఇవ్వండి. బోర్డు మీది ఎల్ఈడీ కూడా పీకేయండి.

గార్లదిన్నె_చీనీ:
ఎల్ఈడీలు అన్నిటికీ వెలుగుతూనే ఉన్నాయన్నా! ఈ రోజే పీకేస్తా. ఇంకో డౌటు. నోడ్ పడుకుంటే వాల్వు తెరవమని చెప్పేదెట్లా? షెడ్డులో త్రీఫేజ్ కరెంటు రోజంతా ఉండదు కూడా.

కడప_రేడియో:
లోరా మీద నడిచే లోరావాన్ నెట్‌వర్కులో క్లాస్ ఏ అనే పద్ధతి అదే చేస్తుంది. నోడ్ తన మెసేజ్ పంపినాక రెండుసార్లు కొద్దిసేపు వింటుంది, నీ ఆర్డరు అప్పుడు ఇవ్వాలి. అంటే వాల్వు అరగంట ఆలస్యంగా తెరుచుకోవచ్చు. డ్రిప్‌కు అదేం కొంప మునగదు. వాల్వు లాచింగ్ సోలెనాయిడ్‌ది తీసుకో, ఒక్క పల్స్ ఇస్తే తెరుచుకుని అట్లే ఉంటుంది. షెడ్డులో వినే పెట్టె మాత్రం ఎప్పుడూ మేలుకునే ఉండాలి, దానికి చిన్న సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ పెట్టు. మోటారు లైనును నమ్ముకోవద్దు.