ఫోన్‌కి డబ్బులు కట్టి సెక్యూరిటీ యాప్ పెట్టుకోవాలా? లుకౌట్ కథ తెలిశాక నేనైతే వద్దంటాను

మల్కాజిగిరి మూర్తి:
మా మామగారి ఫోన్‌లో సెక్యూరిటీ యాప్ చందా ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. రెన్యువల్ చెయ్యమని రోజూ గుర్తుచేస్తోంది. ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. నేను వద్దనే పార్టీ.

లుకౌట్ అని ఒక అమెరికా కంపెనీ ఉంది. పెట్టింది జాన్ హెరింగ్, కెవిన్ మహాఫీ, జేమ్స్ బర్జెస్. మొదట్లో దాని పేరు ఫ్లెక్సిలిస్. 2005లో ఆస్కార్ వేడుక జరుగుతుంటే వీళ్లు బ్యాగులో ల్యాప్‌టాప్ పెట్టుకుని బయట జనంలో నిలబడ్డారు. లోపలికి వెళ్తున్నవాళ్ల ఫోన్లలో బ్లూటూత్ ద్వారా సమాచారం లాగేయడానికి వీలున్నవి ఎన్నో లెక్కపెట్టారు. 50 నుంచి 100 దాకా తేలాయి. ఏదీ దొంగిలించలేదు, ఊరికే లెక్కపెట్టారంతే.

ఆ తర్వాత 2009లో యాప్ తెచ్చారు. వైరస్ చూస్తుంది, కాంటాక్టులకి కాపీ తీసి ఉంచుతుంది, పోయిన ఫోన్ ఎక్కడుందో చెబుతుంది. 2012లో ఇంకో మంచి ఆలోచన చేశారు: బ్యాటరీ చచ్చిపోయే ముందు ఫోన్ ఎక్కడుందో దానంతట అదే రాసిపెట్టడం. అప్పటికి నిజంగా పనికొచ్చే సరుకే. కానీ 2013లో పోయిన ఫోన్ వెతికే పని గూగులే ఉచితంగా ఇచ్చింది, 2017లో ఫోన్‌లోని యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ వచ్చింది. చివరికి 2023లో లుకౌట్ మనలాంటి మామూలు వాడకందార్ల వ్యాపారాన్ని ఫిన్లాండ్ కంపెనీ ఎఫ్-సెక్యూర్‌కి అమ్మేసి, తను పెద్ద కంపెనీల పనికే పరిమితమైంది. కొట్టు పెట్టినవాడే గల్లాపెట్టె అప్పగించి వెళ్లిపోయాడు. మనమింకా చిల్లర పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడాలా?

లింగంపల్లి లత:
మూర్తిగారూ, కథలో సగమే చెప్పారు. ఆ కొట్టుని ఎఫ్-సెక్యూర్ 22 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. గిరాకీ లేని కొట్టుకి అంత ఎవరిస్తారండీ?

ఫోన్‌లోకి దూరి నిఘా పెట్టే పెగాసస్ సాఫ్ట్‌వేర్ సంగతి వదిలేశారేం? 2016 ఆగస్టులో యూఏఈలో హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కి లింకుతో మెసేజ్‌లు వచ్చాయి. అక్కడి జైళ్లలో చిత్రహింసల రహస్యాలు చెబుతామని. అది పెగాసస్ ఎక్కించే లింకు. టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ, లుకౌట్ కలిసి దాన్ని విప్పి చూస్తే ఐఫోన్‌లో అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడు లోపాలు బయటపడ్డాయి. ఆపిల్ అదే నెలలో వాటిని సరిచేసే 9.3.5 అప్‌డేట్ ఇచ్చింది. ఇలాంటివాళ్లు లేకపోతే మన ఫోన్ల గతేంటి?

మల్కాజిగిరి మూర్తి:
అక్కడే నాకు పాయింట్ దొరికింది లతగారూ. మన్సూర్‌ని కాపాడింది ఏ యాప్? ఆయన లింకు నొక్కలేదు. అనుమానమొచ్చి సిటిజన్ ల్యాబ్‌కి పంపాడు. పరిశోధకులు గొప్పవాళ్లే, కాదనను. ఐఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ లోపలికి తొంగిచూడ్డానికే వీల్లేదు, ఇక దేన్ని స్కాన్ చేస్తుంది?

జగదీష్ మార్కెట్ రిపేర్లు:
అన్నా, నా కౌంటర్ మీదికి వచ్చేవి చూస్తే మీ ఇద్దరికీ నవ్వొస్తుంది. మొన్న ఒకాయన ఫోన్ స్లో అయిందని తెచ్చాడు. మూడు జీబీ ర్యామ్, అందులో మూడు యాంటీవైరస్‌లు! తీసేస్తే పరుగెత్తింది. ఇంకో ఫోన్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చిన ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఎక్కించే యాప్ ఫైల్. ఐకాన్ లేదు, యాప్‌ల లిస్టులో కూడా దాక్కుంది. పర్మిషన్లలోకి పోయి చూస్తే ఎస్ఎంఎస్ చదివే హక్కు ఇచ్చి ఉంది. ఓటీపీలన్నీ అట్లనే పోతాయి.

అసలు యాంటీవైరస్ పేరుతోనే మోసాలున్నాయి. 2014లో ప్లే స్టోర్‌లో వైరస్ షీల్డ్ అని నాలుగు డాలర్ల యాప్ ఒకటి. నొక్కితే ఇంటు గుర్తు పోయి టిక్కు వచ్చేది. అంతే, ఇంకే పనీ లేదు! పదివేల మందికి పైనే కొన్నారు. గూగుల్ డబ్బులు వాపస్ ఇవ్వాల్సొచ్చింది. 2019లో యాంటీవైరస్‌లను పరీక్షించే ఏవీ-కంపారెటివ్స్ వాళ్లు 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లు పరీక్షిస్తే, హానికరమైన యాప్‌లలో ముప్పై శాతం కన్నా ఎక్కువ పట్టుకున్నవి 80 మాత్రమే.

లింగంపల్లి లత:
నకిలీ మందులున్నాయని మందుల షాపులే వద్దంటామా అన్నా? సరే గానీ మూర్తిగారూ, మామగారి ఫోన్‌లో ఆ యాప్ ఎందుకు పెట్టారసలు?

మల్కాజిగిరి మూర్తి:
పెట్టింది మా బావమరిది. పోయిన సంక్రాంతి తర్వాత బ్యాంకు నుంచి అని ఎవడో ఫోన్ చేశాడు, కేవైసీ అన్నాడు, వాట్సాప్‌లో ఏపీకే పంపాడు. లైన్‌లోనే ఉండి ఒక్కొక్కటీ నొక్కించాడు. 46 వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత ఆగింది.

లింగంపల్లి లత:
అప్పటికి యాప్ లేదా? ఉంటే అరవలేదా?

మల్కాజిగిరి మూర్తి:
ఉంది. అరిచింది కూడా. స్క్రీనంతా ఎర్రగా వచ్చిందట. "బాబూ, ఎర్రగా వచ్చింది" అని మామగారు వాడికే చెప్పారు. "అది అలాగే వస్తుంది అంకుల్, పర్లేదు, ఇన్‌స్టాల్ నొక్కండి" అన్నాడట.

జగదీష్ మార్కెట్ రిపేర్లు:
అరే! మరి యాప్ దాని పని అది చేసినట్టే కదా అన్నా.

మల్కాజిగిరి మూర్తి:
చేసింది. అందుకే ఇంట్లో ఓడిపోతున్నా. రెన్యువల్ డబ్బులు తన పెన్షన్‌లోంచే కడతానని మామగారు కూర్చున్నారు. ఈసారి ఎర్రగా వస్తే నాకే ఫోన్ చేస్తారట.