క్రూయిజ్ సంస్థను ఎంచుకోవడానికి వయసే కొలమానమా?

తీరరేఖ (చర్చ ప్రారంభం):

క్రూయిజ్ ప్రయాణం గురించి సలహా ఇచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది మీ వయసు ఎంత అని. ఇరవైల్లో ఉన్నవారికి ఒక సంస్థ, పిల్లలున్న కుటుంబానికి మరొకటి, ఉద్యోగ విరమణ చేసినవారికి ఇంకొకటి అంటూ వెంటనే పేర్లు చెప్పేస్తారు. ఈ పద్ధతి వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం. 65 ఏళ్ల వ్యక్తికి అర్ధరాత్రి దాకా సంగీతం, జనసందడి కావాలనిపించవచ్చు. 30 ఏళ్ల వ్యక్తికి డెక్ మీద ఒక కుర్చీ, చేతిలో ఒక పుస్తకం, చుట్టూ నీళ్లు ఉంటే చాలు. వీరిద్దరినీ పుట్టిన సంవత్సరం చూసి విడదీస్తే ఇద్దరూ తమకు సరిపడని ఓడలోనే తేలతారు.

నా దృష్టిలో మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఓడ ఏ రేవుకూ చేరకుండా రోజంతా సముద్రంలోనే సాగే రోజున మీరు ఉదయం నుంచి రాత్రి దాకా ఏం చేస్తూ గడపాలనుకుంటున్నారు? రేవులు ఏ ఓడలో వెళ్లినా దాదాపు ఒకటే. ఓడకూ ఓడకూ గల తేడా పూర్తిగా బయటపడేది అటువంటి రోజునే. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సంస్థల జాబితా దానంతట అదే కురచవుతుంది. విభేదించేవారు కారణాలతో సహా రాయవలసిందిగా మనవి.

పడమటిగాలి:

తీరరేఖ గారూ, నేను విభేదిస్తున్నాను. వయసును పక్కన పెట్టమని మీరు అంటున్నారు గానీ, సంస్థలే దాన్ని పక్కన పెట్టలేదు. బ్రిటన్‌కు చెందిన సాగా సంస్థ ఓడలు 50 ఏళ్లు దాటినవారి కోసమే నడుస్తాయి. వారి వెంట వచ్చేవారికైనా 40 నిండి ఉండాలి. వైకింగ్ సముద్ర నౌకల్లో, వర్జిన్ వాయేజెస్ నౌకల్లో 18 నిండనివారికి ప్రవేశం లేదు. పీ అండ్ ఓ క్రూయిజెస్ వద్ద ఆర్కేడియా, అరోరా అనే రెండు ఓడలు పెద్దలకే కేటాయించినవి. రాయల్ కరీబియన్ సంస్థ ఉత్తర అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లోకి, 21 నిండనివారిని సాధారణంగా పెద్దల తోడు లేకుండా అనుమతించదు. 19 ఏళ్ల విద్యార్థులు నలుగురు కలిసి వెళ్లాలనుకుంటే, వారి అభిరుచుల కన్నా ముందు ఈ నిబంధనే సగం జాబితాను కొట్టేస్తుంది.

పసిపిల్లల విషయమూ అంతే. చాలా సంస్థలు శిశువుకు కనీసం 6 నెలలు నిండాలంటాయి; మహాసముద్రాన్ని దాటే ప్రయాణాల్లో 12 నెలలు అడుగుతాయి. ప్రయాణం ముగిసేలోగా 24వ వారంలో అడుగుపెట్టే గర్భిణులను చాలా ఓడలు ఎక్కించుకోవు. కనుక వయసు మొదటి జల్లెడ కాదనడం పుస్తకాల్లో బాగుంటుంది గానీ, బుకింగ్ చేసే చోట నిలవదు.

తీరరేఖ:

మీరు చెప్పిన నిబంధనలన్నీ నిజమే, అవి ముందుగా తెలుసుకోవలసినవే. అయితే అవి ఎవరిని లోపలికి రానిస్తారో చెబుతాయి. లోపలికి వచ్చినవారు అక్కడ సంతోషంగా ఉంటారో లేదో చెప్పవు. మీరు పేర్కొన్న ఉదాహరణనే తీసుకుందాం. వైకింగ్, వర్జిన్ రెండింటిదీ ఒకే వయోపరిమితి. వైకింగ్ ఓడలో కాసినో ఉండదు, ఓడ వెళ్లే దేశాల చరిత్ర గురించి ఉపన్యాసాలు ఉంటాయి, సాయంత్రాలు ప్రశాంతంగా గడుస్తాయి. వర్జిన్ ఓడలో పచ్చబొట్లు వేసే దుకాణం ఉంది, రాత్రి జీవితానికి పెద్దపీట వేశారు. ఒకే నిబంధన కింద ఇంత దూరపు రెండు లోకాలు ఇమిడినప్పుడు, ఆ నిబంధనను బట్టి మనకు తెలిసేది పిల్లలు ఉండరన్న ఒక్క సంగతే.

ఇంకొక మాట. ఓడలో ఏ వయసువారు ఉంటారన్నది సంస్థ పేరు కన్నా ప్రయాణపు నిడివిని బట్టి, కాలాన్ని బట్టి ఎక్కువగా మారుతుంది. వారాంతంలో బయలుదేరే మూడు నాలుగు రాత్రుల ప్రయాణాన్ని ఉద్యోగంలో ఉన్నవారు, స్నేహితుల బృందాలు ఎంచుకుంటారు, ఎందుకంటే వారికి దొరికే సెలవు అంతే. అదే సంస్థ రెండు వారాలకు మించి నడిపే ప్రయాణంలో తీరిక ఉన్నవారే కనిపిస్తారు, అంటే ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవారు. బడి సెలవుల్లో పిల్లలతో కిటకిటలాడే ఓడ, బడులు తెరిచిన రెండు వారాలకే మరో ఓడలా అనిపిస్తుంది. కాబట్టి ఫలానా సంస్థ యువతరానిది, ఫలానాది వృద్ధులదని ముద్ర వేయడం కన్నా, బయలుదేరే తేదీనీ రాత్రుల సంఖ్యనూ చూడటం చాలా నమ్మదగిన పద్ధతి.

శంఖనాదం:

వయస్సు మీద సాగుతున్న ఈ వాదంలో శరీరం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను వయసైనవారితో కలిసి ప్రయాణాలు చేస్తుంటాను, అందుకే ఇది రాస్తున్నాను. 75 ఏళ్ల వ్యక్తి చకచకా మెట్లెక్కవచ్చు, 45 ఏళ్ల వ్యక్తికి మోకాళ్లు సహకరించకపోవచ్చు. అడగవలసింది వయసు కాదు, ఎంత దూరం నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, కదిలే పడవలోకి దిగగలరా అన్నది.

తెరచాపల ఓడల మీద ఇష్టంతో స్టార్ క్లిప్పర్స్ సంస్థను ఎంచుకునేవారు వాటిలో లిఫ్టులు ఉండవన్న సంగతి ముందే తెలుసుకోవాలి. ఆ సంస్థకు చెందిన రాయల్ క్లిప్పర్ ఐదు తెరచాప స్తంభాల అందమైన ఓడ, 227 మందిని మాత్రమే తీసుకువెళ్తుంది. అయినా మెట్లు ఎక్కలేనివారికి అది శిక్షే అవుతుంది. గ్రీసు ద్వీపం శాంటొరిని వంటి చోట పెద్ద ఓడలు రేవును ఆనుకుని నిలవవు. దూరంగా లంగరు వేసి టెండర్ అనే చిన్న పడవల్లో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తాయి. అలలు ఎక్కువగా ఉన్న రోజున చక్రాల కుర్చీలో ఉన్నవారిని ఆ పడవలోకి ఎక్కించడానికి సిబ్బంది నిరాకరించవచ్చు, అది వారి భద్రత కోసమే. అందుచేత ప్రయాణ పట్టికలో ఎన్ని చోట్ల రేవు ఉంది, ఎన్ని చోట్ల టెండర్ ఉంది అని బుకింగ్‌కు ముందే అడగాలి. చాలామంది ఇది అడగరు, ఓడలోనే ఉండిపోయి రేవును బాల్కనీ నుంచి చూస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

నదీ ప్రయాణాలు వయసైనవారికి అనుకూలమని చెప్పడం పరిపాటి. ఐరోపా నదుల మీది ఓడలు సుమారు 135 మీటర్ల పొడవుతో, 190 మంది లోపు ప్రయాణికులతో ఉంటాయి. అల్లకల్లోలం ఉండదు, ఊరి నడిబొడ్డునే దిగవచ్చు. కానీ రద్దీ ఉన్న రేవులో రెండు మూడు ఓడలను పక్కపక్కనే కట్టేస్తారు, ఒడ్డుకు చేరాలంటే పక్క ఓడ గుండా నడవాలి, ఒక్కోసారి దాని పై డెక్ ఎక్కి దిగాలి. రైన్, డాన్యూబ్ నదుల్లో నీరు తగ్గిన కాలంలో ఓడ ఆగిపోయి, మిగిలిన దారి బస్సులో సాగడమూ జరుగుతుంది.

వైద్యం విషయంలోనూ భ్రమలు వద్దు. ఓడలోని వైద్య కేంద్రం అత్యవసర చికిత్స చేయగలదు, పెద్ద ఆసుపత్రికి సాటి కాదు. గుండె జబ్బు ఉన్నవారు అంటార్కిటికా వంటి చోట్లకు వెళ్లదలచుకుంటే, దగ్గరలో ఆసుపత్రే లేని రోజులు ఎన్నో లెక్క వేసుకుని, అత్యవసర తరలింపు ఖర్చును భరించే బీమా తీసుకోవాలి.

పగడపుదీవి:

అంటార్కిటికా ప్రస్తావన వచ్చింది కనుక ఒక విషయం చేర్చుతాను. అక్కడ పర్యటనలు నడిపే సంస్థల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం, 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు ఎవరినీ ఒడ్డుకు దించవు. ఒక స్థలంలో ఒకేసారి 100 మందికి మించి దిగరాదు. కాళ్లు మోపాలనుకునేవారికి చిన్న ఓడ తప్ప మార్గం లేదు. ఇక్కడ ఎంపికను శాసించేది గమ్యమే, వయసు కాదు.

పెద్ద ఓడ అంటేనే ఇరుకు అన్న అపోహనూ సరిచేయాలి. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన రాయల్ కరీబియన్ ఓడ ఐకాన్ ఆఫ్ ద సీస్ స్థూల టన్నేజీ 2,48,663 (ఇది బరువు కాదు, ఓడ లోపలి మొత్తం చోటును తెలిపే కొలత). క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున లెక్కిస్తే 5,610 మంది పడతారు. భాగిస్తే తలకు సుమారు 44 వస్తుంది. వైకింగ్ స్టార్ సుమారు 47,800 టన్నేజీతో 930 మందిని తీసుకువెళ్తుంది కాబట్టి అక్కడ తలకు 51. తేడా ఉంది గానీ జనం ఊహించుకునేంత లేదు. కాకపోతే ఐకాన్ పిల్లల కుటుంబాల కోసం కట్టిన ఓడ. సెలవుల్లో ఒక్కో క్యాబిన్‌లో ముగ్గురు నలుగురు ఉంటారు, అప్పుడు ప్రయాణికుల సంఖ్య 7,600 దాకా పోగలదు, ఈ లెక్క తలకిందులవుతుంది. పైగా రేవులో దిగేటప్పుడు మన ముందు నిలబడేది ఈ సగటు కాదు, మొత్తం జనం. చిన్న ద్వీపానికి ఒకేసారి ఐదు వేల మంది చేరితే అక్కడి వీధుల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. జలక్రీడల కోసం, ప్రదర్శనల కోసం వెళ్లేవారికి ఆ ఓడ గొప్ప ఎంపిక. ఊళ్లు చూడటానికి వెళ్లేవారు అందులో డబ్బు వృథా చేసుకున్నట్టే.

పడమటిగాలి:

నిడివి గురించి తీరరేఖ గారు చెప్పినదాన్ని, నడక గురించి శంఖనాదం గారు చెప్పినదాన్ని ఒప్పుకుంటున్నాను. అయినా నా వాదంలో ఒక భాగాన్ని వదులుకోలేను. అది తోడు. ఒంటరిగా ప్రయాణించే 70 ఏళ్ల వ్యక్తికి సౌకర్యాల కన్నా ముఖ్యమైనది, భోజనం బల్ల దగ్గర తన కాలపు మాటలు అర్థమయ్యే మనిషి ఉండటం. క్యునార్డ్ ఓడల్లో జంట లేనివారితో కలిసి నృత్యం చేయడానికి ప్రత్యేకంగా ఆతిథేయులను నియమిస్తారు. ఆ సంస్థ ఓడ క్వీన్ మేరీ 2 ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ చేరడానికి సాధారణంగా ఏడు రాత్రులు తీసుకుంటుంది, మధ్యలో రేవు లేదు. అన్ని రోజుల్లో అపరిచితులు పరిచయస్థులవుతారు. అలాంటి వాతావరణం తమ ఈడువారు ఎక్కువగా ఉన్న చోటే ఏర్పడుతుంది. ఆ వ్యక్తిని సందడి ఓడ ఎక్కించి, మీ అభిరుచి ప్రకారమే ఎంచామని చెప్పడం దయగల పని కాదు.

ఒంటరి ప్రయాణికులకు ఖర్చు మాట కూడా ఉంది. క్యాబిన్ ధరలు ఇద్దరి లెక్కన ఉంటాయి కాబట్టి, చాలాచోట్ల ఒక్కరే ఉన్నా దాదాపు ఇద్దరి ఛార్జీ కట్టవలసి వస్తుంది. నార్వీజియన్ సంస్థ 2010లో ఎపిక్ అనే ఓడలో ఒక్కరి కోసమే చిన్న క్యాబిన్లను, వారందరూ కలుసుకునే గదినీ ఏర్పాటు చేసింది. ఇప్పుడు ఇతర సంస్థలూ అలాంటివి కట్టిస్తున్నాయి గానీ అవి త్వరగా నిండిపోతాయి.

తీరరేఖ:

తోడు గురించి మీరు రాసినదానికి నా దగ్గర ఖండన లేదు. ఒంటరి వృద్ధుల విషయంలో వయసును మొదటే చూడాలన్న మాటను అంగీకరిస్తున్నాను. మిగిలినవారి విషయంలో నా మాట మీదే ఉన్నాను.

మూడు తరాలు కలిసి వెళ్లే కుటుంబాల సంగతి ఇంకా మిగిలి ఉంది. అక్కడ వయసును బట్టి ఎంచుకోవడమే అసాధ్యం, ఎందుకంటే అన్ని వయసులూ ఒకే బుకింగ్‌లో ఉంటాయి.

శంఖనాదం:

అటువంటి కుటుంబాల్లో సర్దుకోవడం ఎవరికి అందరికన్నా కష్టమో వారి నుంచి మొదలుపెట్టాలి. సాధారణంగా వారు ఇద్దరు: నడవలేని పెద్దవారు, 13 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు. చిన్నపిల్లలు ఏ కొలనులోనైనా ఆడుకుంటారు. అయితే పిల్లల క్లబ్బుల్లోకి చాలా ఓడలు 3 ఏళ్లు నిండి, డయపర్ మానేసినవారినే తీసుకుంటాయని గుర్తుంచుకోవాలి. టీనేజి పిల్లలకు మాత్రం తమ వయసువారు తిరిగే చోటు విడిగా లేకపోతే మూడో రోజుకే విసుగు పుడుతుంది. పెద్దలకేమో కోలాహలం వినిపించని మూల ఒకటి కావాలి. డిస్నీ ఓడల్లో పెద్దలకే కేటాయించిన కొలను ఉంటుంది, కాసినో ఉండదు. పిల్లల ఓడ అనుకున్నదే తాతలకు నచ్చడానికి ఇదొక కారణం.

డెక్ పటం తీసుకుని పెద్దవారి క్యాబిన్‌ను లిఫ్టుకు దగ్గరగా, ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఎంచుకోండి. ఊగిసలాట అక్కడ తక్కువ. దాని పైనా కిందా క్యాబిన్లే ఉన్నాయో, లేక రాత్రి రెండు దాకా మోగే నృత్యశాల ఉందో అదే పటంలో కనిపిస్తుంది. మధ్యలో తలుపున్న జంట క్యాబిన్లు కావాలంటే సెలవుల ప్రయాణాలకు నెలల ముందే అడగాలి, ప్రతి ఓడలోనూ అవి కొద్దిగానే ఉంటాయి.