అమ్మ కీళ్లవాపు: టీఎన్ఎఫ్‌ను ఆపే ఇంజెక్షన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. అమ్మ ఇరవై ఏళ్లు జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లింది. మూడేళ్ల క్రితం రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక శక్తి సొంత కీళ్లమీదే దాడిచేసే జబ్బు) అని తేలింది. పొద్దున్న లేచి గంట దాటినా పిడికిలి మూతపడదు. జడ నేనే వేస్తున్నాను. నిన్న చెంబు చేతిలోంచి జారిపోతే, ఏమీ అనకుండా కూర్చుని నీళ్లు తుడిచింది.

వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ చాలడం లేదని, డాక్టరుగారు అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆపేది ఇదే. ముందు టీబీ పరీక్ష చేయించాలట. టీబీ క్రిమిని ఒకచోట కట్టడి చేసి ఉంచేది కూడా ఈ టీఎన్ఎఫ్ సంకేతమేనని చదివాక టెన్షన్ పెరిగింది.

డిగ్రీలో బయాలజీ చదివాను. నాకు అర్థమైనంతలో, కీలులో చేరిన రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ వదులుతాయి. అది తగిలి కీలు లోపొరలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు (ఆ పొరను కట్టి ఉంచే కణాలు) కూడా రెచ్చిపోతాయి. అవే ఐఎల్-6 అనే మరో వాపు సంకేతాన్ని తయారుచేసి ఇంకా కణాలను రప్పిస్తాయి, మృదులాస్థిని కరిగించే ఎంజైములు వదులుతాయి. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే పరిశోధకులు 1992లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు రోగులకిచ్చి చూసింది ఈ గొలుసు తెంపడానికే.

నా సందేహం ఇదండీ. టీఎన్ఎఫ్ ఒక్కదాన్నే ఆపితే, అప్పటికే రెచ్చిన ఫైబ్రోబ్లాస్టులు చల్లబడతాయా? కొందరికి ఈ ఇంజెక్షన్ పనిచేయకపోవడానికి కారణం అవేనా? టోఫాసిటినిబ్ మాత్ర కణం లోపల ఐఎల్-6 లాంటి సంకేతాలను చేరవేసే జాక్ ఎంజైమును ఆపుతుంది కదా, దాన్ని ఎప్పుడు ఎంచుకుంటారు?

ఇంట్లో ఎవరికైనా ఈ ఇంజెక్షన్ వాడినవాళ్లుంటే ఇంకోటి కూడా చెప్పండి. విశాఖ నుంచి రైల్లో తెచ్చేటప్పుడు చల్లదనం పోకుండా ఎలా తెచ్చుకున్నారు?