కెమెరాలో మాన్యువల్ నేర్చుకోవడానికి ఒక డయల్ చాలా, రెండు ఉండాలా?

పోస్టు 1
మా చెల్లికి మొదటి కెమెరా కొనాలి. మాన్యువల్ (సెట్టింగులు మనమే చేత్తో మార్చుకోవడం) నేర్చుకోవాలని దానికి చాలా పట్టుదల. కెనాన్ ఆర్50, ఆర్10 చూశాం. రెండూ 24 మెగాపిక్సెల్సే. ఆర్50కి సెట్టింగులు మార్చే డయల్ ఒకటే, ఆర్10కి చూపుడు వేలికి ఒకటి, బొటనవేలికి ఒకటి. ఆ రెండో డయల్ కోసం ఎక్కువ డబ్బు పెట్టవచ్చా?

పోస్టు 2
అక్కర్లేదు తమ్ముడూ. ఏవీ మోడ్‌లో పెట్టి ఎపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో) తిప్పుకోమను, షట్టర్ (వెలుగు ఎంతసేపు పడాలో) కెమెరానే చూసుకుంటుంది. ఫొటో మరీ తెల్లగా వస్తే కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) తగ్గిస్తే సరి. మిగిలిన డబ్బుతో మంచి లెన్స్ కొనివ్వు.

పోస్టు 3
లెన్స్ మాట నిజమే అన్నా. కానీ ఆ అమ్మాయి నేర్చుకుంటానన్నది మాన్యువల్. అక్కడ ఒక్క డయల్ నన్ను ఎలా దెబ్బతీసిందో చెబుతాను.

ఒక డయల్ ఉన్న కెమెరాల్లో మామూలుగా ఎం మోడ్‌లో, అంటే మాన్యువల్‌లో, డయల్ తిప్పితే షట్టర్ మారుతుంది. ఎపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కాలి. నా పాత కెమెరాలో దాన్ని నొక్కి పట్టుకునే తిప్పాలి. మా అక్క పెళ్లిలో తలంబ్రాలప్పుడు షట్టర్ 1/200 సెకనులో ఉంది. జనం ముందుకొచ్చి వెలుగు తగ్గింది. ఎపర్చర్ 5.6 నుంచి 4కు (అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) తెద్దామని మూడు క్లిక్కులు తిప్పాను. బటన్ సరిగా పడలేదు. ఎపర్చర్ అలాగే ఉండి షట్టర్ 1/100కి దిగింది. వెలుగు సరిపోయిందో లేదో చూపే మీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరకే వచ్చింది, ఎందుకంటే దేన్ని మార్చినా దానికి అంతే వెలుగు! అంతా సరిగ్గా ఉందనుకుని వరసగా తీసుకుంటూ పోయాను. రాత్రి చూస్తే అక్క మొహం బాగానే ఉంది, తల మీద పడుతున్న బియ్యం మాత్రం షట్టర్ నెమ్మదవడంతో గీతలు గీతలుగా సాగిపోయింది.

రెండు డయల్స్ ఉంటే చూపుడు వేలిది ఒక పని, బొటనవేలిది ఇంకో పని. కొన్నాళ్లకు కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. పైగా ఈ రెండు కెమెరాలకీ బరువులో తేడా బ్యాటరీ, కార్డుతో కలిపి 54 గ్రాములే.

పోస్టు 2 రాసినవారు
టీవీ మోడ్‌లో (షట్టర్ మనం పెడితే ఎపర్చర్ కెమెరా చూసుకునేది) 1/200 పెట్టి, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో) ఆటోలో వదిలేసి ఉంటే ఆ ఫొటోలు పోయేవి కాదు కదా?

పోస్టు 3 రాసినవారు
పోయేవి కాదు, ఒప్పుకుంటున్నాను. పెళ్లికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయికీ అదే చెబుతాను. కానీ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఒకటి పెంచుతూ ఇంకోటి తగ్గిస్తూ సాధన చేసేటప్పుడు రెండూ వేళ్ల కింద ఉండాలి. ప్రతిసారీ బటన్ కోసం ఆగాల్సి వస్తే విసుగొచ్చి ఆటోకి వెళ్లిపోతారు. నేను ఆరు నెలలు అలాగే వదిలేశాను.

తమ్ముడూ, చెల్లిని షాపుకి తీసుకెళ్లు. ఎం మోడ్‌లో పెట్టి, కన్ను తీయకుండా ఎపర్చర్ మూడు క్లిక్కులు, షట్టర్ మూడు క్లిక్కులు మార్చమను. తన వేళ్లు చిన్నవైతే బొటనవేలు డయల్‌కి అందుతోందో లేదో కూడా చూడు. అందకపోతే నేను చెప్పిందంతా పక్కనపెట్టి ఆర్50 తీసుకో.