మణికట్టా, ముంజేయా? డెల్ పోట్రో గురించి రాస్తుంటే వచ్చిన సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అర్జెంటీనా టెన్నిస్ ఆటగాడు హువాన్ మార్టిన్ డెల్ పోట్రో గురించి బడి పిల్లల గోడపత్రికకి ఒక పేజీ రాస్తున్నాను. అతని ఆట కథంతా గాయాల చుట్టూనే తిరుగుతుంది కదా, ఒక మాట దగ్గర ఆగిపోయాను. నొప్పి వచ్చిన ఆ చోటుని మణికట్టు అనాలా, ముంజేయి అనాలా? మా అమ్మమ్మ గాజులు వేసుకునే చోటుని ముంజేయి అనే అనేది. ఇంకొకటి, 'పడిలేచిన కెరటం' అని శీర్షిక పెడదామనుకుంటున్నాను. పెద్దలు చెప్పగలరు.

జవాబు:
మణికట్టు అనే రాయండమ్మా. మీ అమ్మమ్మగారి మాటా తప్పు కాదు. 'ముంజేతి కంకణానికి అద్దమెందుకు' అన్న సామెత ఆవిడ పక్షానే ఉంది. ముంగాలు, ముంగురులు లాగే ముంజేయిలోనూ ఉన్నది 'మును', అంటే ముందరి చెయ్యి. మోచేతి నుంచి అరచేతి దాకా ఉన్న భాగమంతా అందులోకి వస్తుంది, కంకణం ఉండే చోటు దాని చివర. మణికట్టు అలా కాదు, ఆ మడత పడే కీలు ఒక్కటే. సంస్కృతంలో మణిబంధం, మణులు కట్టుకునే చోటు. తమిళులూ కన్నడిగులూ కూడా మణికట్టు అనే అంటారు.

ఆటల పేజీ చదివేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. అజారుద్దీన్, లక్ష్మణ్ బ్యాటింగ్ గురించి రాసేటప్పుడు మన పత్రికలు మణికట్టు అనకుండా ఉండేవా? సానియా మీర్జా 2008లో శస్త్రచికిత్స చేయించుకున్నదీ మణికట్టుకే.

స్పానిష్‌లో మణికట్టుని 'మున్యేకా' అంటారు. అదే మాటకి బొమ్మ అని కూడా అర్థం, ఆడపిల్లలు ఆడుకునే బొమ్మ. డెల్ పోట్రో వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి 'మున్యేకా ఎలా ఉంది' అని జనం అడుగుతూనే ఉన్నారు. మనం మణుల పేరు పెట్టిన చోటుకి వాళ్లు బొమ్మ పేరు పెట్టుకున్నారు. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

అయితే మీ వ్యాసానికి అసలు కావాల్సింది ఇంకో మాట ఉంది: ఎడమ. తెలుగులో అతని గురించి నేను చదివిన చాలా వార్తల్లో 'మణికట్టు గాయంతో' అని రాసి వదిలేశారు. అతనిది కుడిచేతి వాటం. కాబట్టి చదివేవాడు కుడి మణికట్టే అనుకుంటాడు. 2010లో కోత పెట్టింది కుడిదానికే. దాన్నుంచి అతను కోలుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జొకోవిచ్‌ని ఓడించి కాంస్యం తెచ్చుకున్నాడు. అతని ఆటనే మార్చేసింది ఎడమది. 2014 మార్చి నుంచి 2015 జూన్ లోపల దానికి మూడు శస్త్రచికిత్సలు జరిగాయి.

కుడిచేతి వాటం మనిషికి ఎడమ మణికట్టుతో ఏం పని అని పిల్లలు అడుగుతారు. ఒక చీపురుకట్ట పట్టుకుని చూపించండి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో, అంటే ఎడమవైపు వచ్చే బంతిని కొట్టేటప్పుడు, కుడిచెయ్యి పిడి అడుగున ఉంటుంది, ఎడమచెయ్యి దాని పైన. బంతి తగిలే క్షణంలో రాకెట్‌ని తోసేదీ తిప్పేదీ ఆ పై చెయ్యే. ఆ కీలులో నొప్పి ఉంటే తోపు రాదు. 2016లో తిరిగొచ్చినప్పుడు డెల్ పోట్రో చాలాసార్లు ఎడమచెయ్యి వదిలేసి, ఒంటి చేత్తో బంతిని కింద నుంచి కోసి అవతలికి పంపేవాడు. ఎదుటివాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, అటువైపే కొట్టేవాళ్లు. అతను కాళ్లు అరిగేలా పక్కకి పరుగెత్తి ఫోర్‌హ్యాండ్, అంటే కుడివైపు దెబ్బ, కొట్టేవాడు. 2016 రియో ఒలింపిక్స్ మొదటి రౌండ్లో, 141వ ర్యాంకుతో, అప్పటి నంబర్ వన్ జొకోవిచ్‌ని రెండు టైబ్రేకుల్లో (6-6తో సమమైన సెట్‌ని తేల్చే ఆట) ఓడించింది ఆ ఆటతోనే. సెమీస్‌లో నాదల్‌నీ గెలిచాడు. ఫైనల్లో ముర్రే చేతిలో ఓడి రజతం తీసుకున్నాడు.

అన్నట్టు ఫోర్‌హ్యాండ్‌ని దయచేసి 'ముంజేతి దెబ్బ' అని రాయకండి. ఒకచోట చూసి బాధపడ్డాను. ఫోర్‌హ్యాండ్ అని ఉంచితే పిల్లలకి తేలిగ్గా తెలుస్తుంది. ఇక శీర్షికగా 'పడిలేచిన కెరటం' మాత్రం నా మనసుకి ఎక్కలేదు.

మరొకరి వ్యాఖ్య:
'పడిలేచిన కెరటం'లో ఏం తప్పుందండీ? నాకైతే అతనికి సరిగ్గా అతికినట్టే ఉంది. ఇరవయ్యేళ్లకే 2009 యూఎస్ ఓపెన్ గెలిచాడు, సెమీస్‌లో నాదల్‌ని 6-2, 6-2, 6-2తో, ఫైనల్లో వరుసగా ఐదేళ్లు ఆ టైటిల్ పట్టుకుని కూర్చున్న ఫెదరర్‌ని ఐదు సెట్లలో ఓడించి. తర్వాత పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు, మళ్లీ లేచాడు. 2016 మొదట్లో ర్యాంకు వెయ్యి దాటిపోయింది. 2018 ఆగస్టుకల్లా ప్రపంచంలో మూడోవాడు. కెరటం అంటే ఇదే కదా?

జవాబు:
తప్పు అనలేదండీ. అంకెల్లో చూస్తే మీరన్నదే నిజం. నా అభ్యంతరం కెరటం స్వభావం దగ్గర. అది పడినట్టే లేస్తుంది, అదే నీళ్లు, అదే ఊపు, దానికి నొప్పి లేదు. ఇతను లేచిన ప్రతిసారీ ఏదో ఒకటి అక్కడే వదిలి లేచాడు. 2009లో నాదల్‌నీ ఫెదరర్‌నీ రెండు వైపుల నుంచీ బాదిన కుర్రాడు వేరు, 2016లో ఒక వైపుని దాచుకుంటూ ఆడిన మనిషి వేరు. 2016 నవంబరులో జాగ్రెబ్‌లో, దేశాల జట్లు ఆడే డేవిస్ కప్ ఫైనల్ చూడండి. క్రొయేషియా ఆటగాడు చిలిచ్ చేతిలో రెండు సెట్లు పోయాయి. ఆ మ్యాచ్‌లోనే ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. అయినా మిగతా మూడు సెట్లూ గెలిచాడు. తర్వాత అదే జట్టులోని డెల్బోనిస్ ఆఖరి మ్యాచ్ గెలవడంతో, అంతకుముందు నాలుగు ఫైనల్స్ ఓడిన అర్జెంటీనాకి తొలిసారి ఆ కప్పు దక్కింది. విరిగిన వేలితో ఆడినవాణ్ణి కెరటంతో పోలిస్తే ఆ వేలు కనిపించకుండా పోతుంది. అందుకే నా మనసొప్పదు.

శీర్షికే కావాలంటే అతని పేరులోనే వెతకండి. 'పోట్రో' అంటే స్పానిష్‌లో గుర్రప్పిల్ల. ఆరున్నర అడుగుల గుర్రప్పిల్ల! పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్. గుర్రప్పిల్లే ఖాయం. చివరిగా రెండు మాటలు. 2018 అక్టోబరులో షాంఘైలో పడినప్పుడు విరిగినదాన్ని మోకాలిచిప్ప అంటే సరిపోతుందా? 2022 ఫిబ్రవరిలో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక అతను తలకి కట్టుకున్నది విప్పి నెట్ మీద వేసి వెళ్లాడు. దాన్ని తలకట్టు అనొచ్చా?

జవాబు:
మోకాలిచిప్ప చక్కటి మాట. లాటిన్‌లో దాన్ని 'పటెల్లా' అంటారు, అంటే చిన్న పళ్లెం. వాళ్లకి పళ్లెం, మనకి కొబ్బరిచిప్పలోని చిప్ప. కుడికాలు అని మాత్రం మరిచిపోకండి. 2019 జూన్‌లో లండన్ గడ్డి కోర్టులో జారి మళ్లీ విరిగిందీ ఆ చిప్పే. ఆ తర్వాత ఎన్ని కోతలు పెట్టినా మెట్లెక్కితే నొప్పి పోలేదని 2024లో అతనే చెప్పుకున్నాడు.

తలకట్టు అనొచ్చు, పాత వాడుకే. కానీ మీ పిల్లలు బడిలో దిద్దుకునేది 'క' మీది తలకట్టు. వాళ్లు దాన్నే ఊహించుకుంటారు. 'తలకి కట్టుకున్న గుడ్డపట్టీ విప్పి, నెట్ మీద వేసి వెళ్లిపోయాడు' అని రాయండి.